సాతాను మెరుపులా పడటం యేసు ఎప్పుడు చూశాడు?

మీరు అడిగింది లూకా సువార్త 10వ అధ్యాయం 18వ వచనం గురించి. ఊళ్లకు పంపిన శిష్యులు సంతోషంగా తిరిగొచ్చి "ప్రభువా, దయ్యములు కూడ నీ నామమువలన మాకు లోబడుచున్నవి" అంటే, యేసు వాళ్లను భేష్ అనకుండా, ఏం జరిగిందో అడగకుండా "సాతాను మెరుపువలె ఆకాశమునుండి పడుట చూచితిని" అంటాడు. వాళ్లు చెప్పినదానికీ ఆయన అన్నదానికీ పొంతన లేనట్టుంది, ఇంతకీ ఆ పడటం సృష్టికి ముందు జరిగిందా, ఆ రోజే జరిగిందా, ఇంకా జరగాలా, పడిపోయినవాడే అయితే ఆ తర్వాత యేసును అప్పగించిన శిష్యుడు యూదాలో ఎలా ప్రవేశించాడు అన్నది మీ సందేహం. దానితోపాటు 19వ వచనంలో పాములనూ తేళ్లనూ తొక్కే అధికారం ఇచ్చానన్న మాట ఏమిటని, వెళ్లినవాళ్లు డెబ్బైమందా డెబ్బై ఇద్దరా అని కూడా అడిగారు.

చాలాకాలంగా సువార్తలు పాఠం చెబుతున్నాను కాబట్టి ఈ వచనం దగ్గర జనం ఎక్కడ తడబడతారో కొంచెం తెలుసు. దీన్ని ఒక్కదాన్నే తుంచి చేతిలో పట్టుకుంటారు, అక్కడే చిక్కు మొదలవుతుంది. 17 నుంచి 20 దాకా ఉన్న నాలుగు వచనాలూ ఒకే సంభాషణ, ఒకే ఊపిరిలో చదవాల్సినవి. నా జవాబు ముందే చెప్పేస్తాను. యేసు ఇక్కడ సాతాను పుట్టుపూర్వోత్తరాలు చెప్పడం లేదు. దేవుని సన్నిధిలో నిలబడి మనుషుల మీద నేరాలు మోపే స్థానం ఒకటి వాడికి ఉండేది, శిష్యులు ఊళ్లలో తిరుగుతున్న ఆ రోజుల్లోనే ఆ స్థానం కదిలిపోయింది, అది నాకు కనిపించింది అంటున్నాడు. అందుకే రెండు వచనాల తర్వాత "మీ పేరులు పరలోకమందు వ్రాయబడి యున్నవని సంతోషించుడి" అనగలిగాడు.

ఇప్పుడు మిగతా అభిప్రాయాల సంగతి చూద్దాం, ఎందుకంటే వాటిలో దేన్నీ ఊరికే కొట్టిపారేయలేం.

చాలామందికి ముందు గుర్తొచ్చేది సృష్టికి ముందటి పతనం. ఒక ప్రధాన దూత గర్వించాడు, దేవునితో సమానం కావాలనుకున్నాడు, పరలోకంనుంచి తోసేశారు, వాడే సాతాను అన్న కథ. చిన్నప్పటినుంచి వింటాం కాబట్టి అది బైబిల్లో ఎక్కడో ఒకచోట వరసగా రాసి ఉందనే అనుకుంటాం, కానీ అలా వరసగా ఒక్కచోట కూడా లేదు. యెషయా 14:12లో "తేజోనక్షత్రమా, వేకువచుక్కా, నీవెట్లు ఆకాశమునుండి పడితివి" అన్న మాటనూ, యెహెజ్కేలు 28లో తూరు రాజు మీద చెప్పిన మాటలనూ, మన ఈ లూకా వచనాన్నీ కలిపి కుడితే వచ్చిన కథ అది. కుట్టినవాళ్లలో ముఖ్యుడు 3వ శతాబ్దపు పండితుడు ఓరిజెన్. యెషయా చెప్పిన వేకువచుక్క, యేసు చూసిన మెరుపు రెండూ ఒక్కరి గురించేనని ఆయన వాదించాడు. తర్వాత 4వ శతాబ్దం చివర జెరోమ్ చేసిన లాటిన్ అనువాదంలో వేకువచుక్కకు వాడిన మాటే లూసిఫర్ అన్న పేరుగా స్థిరపడిపోయింది, కవులూ చిత్రకారులూ మిగతా పని పూర్తిచేశారు.

అయితే యెషయా 14 తెరిచి 4వ వచనం నుంచి చదవండి. ఆ పాట ఎవరి మీదో అక్కడే రాసి ఉంది, బబులోను రాజు మీద. ప్రపంచాన్ని వణికించిన రాజు చచ్చి పాతాళానికి వస్తే అక్కడున్న పాత రాజులు లేచి "నువ్వూ మాలాంటివాడివే అయ్యావా" అని ఎగతాళి చేసే పాట అది. అందులో దేవదూత ప్రస్తావనే లేదు.

సరే, అదంతా పక్కనపెట్టి కథ నిజమే అనుకుందాం. అప్పుడు ఇంకో పెద్ద ఇబ్బంది వస్తుంది. సృష్టికి ముందే సాతానును పరలోకంనుంచి తోసేసి ఉంటే, యోబు గ్రంథం 1, 2 అధ్యాయాల్లో దేవదూతలందరూ యెహోవా సన్నిధికి వచ్చిన రోజున వాడు కూడా వాళ్లతో కలిసి ఎలా వచ్చాడు? వచ్చి, దేవునితో మాట్లాడి, అనుమతి తీసుకుని మరీ వెళ్లాడు. జెకర్యా 3లో కూడా వాడు అక్కడే, ప్రధాన యాజకుడైన యెహోషువ కుడిపక్కన నిలబడి ఫిర్యాదు చేస్తుంటాడు. ప్రకటన గ్రంథం 12వ అధ్యాయమైతే ఘటసర్పం, అంటే సాతానే, పరలోకంనుంచి పడిపోవడాన్ని ఎక్కడ పెట్టిందో చూడండి. స్త్రీ మగశిశువును కనడం, ఆ శిశువు దేవుని సింహాసనం దగ్గరకు ఎత్తబడటం చెప్పిన తర్వాత ప్రధాన దూత మిఖాయేలు ఆ సర్పంతో చేసే యుద్ధం వస్తుంది. ఆ శిశువు క్రీస్తే అన్నది దాదాపు అందరూ ఒప్పుకునేదే కదా, అలాంటప్పుడు ఆ పతనాన్ని ఆదాము కంటే ముందుకు ఎలా నెట్టగలం?

అన్నిటికంటే ముఖ్యంగా, సందర్భానికి ఆ కథ అతకదు. పనిమీద వెళ్లినవాళ్లు వచ్చి ఈ వారం ఇదీ జరిగింది అని చెబుతుంటే, యుగాల కిందట జరిగినదొకటి చెప్పడం ఎందుకు?

దీనికి పాతకాలపు వ్యాఖ్యాతల దగ్గర ఒక జవాబు ఉంది, చక్కని జవాబే. 6వ శతాబ్దం చివర రోములో పోప్‌గా ఉన్న మొదటి గ్రెగరీ ఏమన్నాడంటే, శిష్యులు తమ అధికారం చూసుకుని ఉబ్బిపోతున్నారు, అందుకని గర్వంవల్ల పడిపోయినవాడిని యేసు గుర్తుచేసి హెచ్చరించాడు అని. ఇప్పటికీ ప్రసంగాల్లో ఎక్కువగా వినిపించేది ఇదే. కొత్తగా చేరినవాడికి పెద్దరికం ఇస్తే గర్వించి అపవాదికి, అంటే సాతానుకు, కలిగిన శిక్షావిధికి లోనవుతాడని 1 తిమోతి 3:6 కూడా అంటుంది, కాబట్టి ఆ ఆలోచన కొత్త నిబంధనకు పరాయిదేమీ కాదు. కానీ లూకా రాసిన వరస చూడండి. 18లో సాతాను పడటం, వెంటనే 19లో "మీకు అధికారము అనుగ్రహించియున్నాను." గర్వపడకండి అని తిట్టబోయే మనిషి మధ్యలో ఇంకా అధికారం ఎందుకు గుర్తుచేస్తాడు? హెచ్చరిక ఉంది, నేనేమీ కాదనను, అది 20వ వచనంలో ఉంది. 18లో ఉన్నది మాత్రం శుభవార్తే. ఆయన ఆ మాట చెప్పింది వాళ్ల సంతోషాన్ని ఆర్పడానికి కాదు, వాళ్లకు తెలియని ఇంకో సగం చెప్పడానికి.

యెషయా 14కు ఈ వచనంతో అసలు సంబంధమే లేదని కూడా అనకండి. మూడు వచనాలు వెనక్కి వెళ్లి 10:15 చూడండి. కపెర్నహూము ఊరితో యేసు ఆకాశందాకా హెచ్చించబడతావా, పాతాళందాకా దిగిపోతావు అంటాడు. అది సరిగ్గా యెషయా 14:13-15 పలుకుబడి. అంటే ఆ పాట యేసు నోటిలో ఆడుతూనే ఉంది. కాకపోతే యెషయా దాన్ని ఒక రాజు మీద వాడాడు, యేసు ఒక ఊరి మీద వాడాడు, ఆ తర్వాత సాతాను విషయంలో దాని ఛాయ కనబడుతోంది. పైకెక్కి కూర్చున్న ప్రతి అధికారానికీ పాడే పాట అది. దాన్ని తేదీ వేసిన చరిత్ర అనుకున్నప్పుడే గజిబిజి వస్తుంది.

ఇంకొందరు ఇది జరగబోయేదాని దర్శనం అంటారు. ప్రవక్తలు రేపటిదాన్ని నిన్నటిదానిలా చెబుతారు కాబట్టి, అంత్యదినాల్లో సాతాను ఓడిపోవడాన్ని యేసు ముందే చూశాడని. సగం ఒప్పుకుంటాను. ఆ కాలపు యూదుల ఆశ ఎలా ఉండేదో మనకు బాగానే తెలుసు. మొదటి శతాబ్దం మొదటి భాగానిదని ఎక్కువమంది లెక్కవేసే మోషే నిబంధన అనే యూదు రచన 10వ అధ్యాయంలో, దేవుని రాజ్యం సృష్టి అంతటా ప్రత్యక్షమైనప్పుడు అపవాదికి అంతం వస్తుంది, దుఃఖం వాడితోపాటే పోతుంది అన్న అర్థంలో ఒక మాట ఉంది. 1947 నుంచి మృత సముద్రం దగ్గర కుమ్రాను గుహల్లో దొరికిన చుట్టల్లో కూడా బెలియాలు అనే పేరుతో ఇదే శత్రువు కనిపిస్తాడు, వెలుగు కుమారులకూ చీకటి కుమారులకూ చివరి యుద్ధం జరుగుతుంది, మిఖాయేలు వైపు గెలుస్తుంది. వాళ్ల లెక్కలో రాజ్యం రావడం, సాతాను పడటం ఒకే సంఘటనకు రెండు ముఖాలు.

ఇప్పుడు లూకా 10:9కి రండి. ఈ శిష్యులను ఏం చెప్పమని పంపాడు? రోగులను బాగుచేయండి, "దేవుని రాజ్యము మీ దగ్గరకు వచ్చియున్నది" అని చెప్పండి అన్నాడు. వస్తుంది అని కాదు, వచ్చింది అని. రాజ్యం వచ్చి ఉంటే రెండో ముఖం కూడా మొదలై ఉండాలి కదా! 18వ వచనం ఆ రెండో ముఖం. కిందటి వారం మీరు గుమ్మాల దగ్గర నిలబడి రాజ్యం వచ్చింది అని చెబుతున్నప్పుడు పైన ఏం జరుగుతోందో నేను చూశాను అంటున్నాడు. వాళ్లు చెప్పినదానికీ ఆయన అన్నదానికీ ఉన్న లింకు ఇదే, పొంతన లేకపోవడం కాదు. ఒకటి కిందినుంచి వచ్చిన రిపోర్టు, రెండోది పైనుంచి వచ్చిన రిపోర్టు.

కింద జరిగేదానికి పైన జోడీ ఉంటుందన్నది పాత నిబంధన ప్రవక్తలకు అలవాటైన చూపు. 1 రాజులు 22లో అహాబు యుద్ధానికి వెళ్లాలా వద్దా అని అడుగుతుంటే, మీకాయా సింహాసనం మీద యెహోవానూ, ఇరుపక్కలా పరలోక సైన్యాన్నీ, అక్కడ జరుగుతున్న చర్చనూ చూసి చెబుతాడు. యేసు కూడా ఇక్కడ ప్రవక్తలాగే మాట్లాడుతున్నాడు. నాలుగు సువార్తల్లోనూ ఆయన తనకు కనబడిన దర్శనాన్ని తన నోటితో ఇలా చెప్పడం చాలా అరుదు, పైగా ఈ మాట లూకాలో తప్ప ఇంకే సువార్తలోనూ లేదు. గ్రీకు మూలంలో క్రియ చూస్తూ ఉన్నాను అన్న ధోరణిలో ఉంటుంది, అది నా వాదనకు అనుకూలమే, కానీ ఒక్క క్రియ మీద మొత్తం ఇల్లు కట్టడం నాకు ఇష్టం ఉండదు కాబట్టి అక్కడితో వదిలేస్తాను.

మాటల మీద ఇళ్లు కట్టేవాళ్ల సంగతి వచ్చింది కనుక ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఇది ఇప్పటికీ ఫార్వర్డ్ అవుతూనే ఉంది. 2009లో యూట్యూబ్‌లో ఒక వీడియో తిరిగింది. ఈ వచనాన్ని హీబ్రూలోకి తిప్పితే మెరుపుకూ ఎత్తైన చోటుకూ వచ్చే మాటలు బరాక్ ఒబామా పేరులా వినిపిస్తాయని, యేసు క్రీస్తువిరోధి పేరు చెప్పేశాడని దాని సారాంశం. లూకా రాసింది గ్రీకులో, అందులో ఉన్న మాట ఆకాశం, ఎత్తైన చోటు కాదు. ఆ మనిషి పేరేమో ఆశీర్వాదం అని అర్థం వచ్చే మాటనుంచి వచ్చింది, మెరుపునుంచి కాదు. ఇంతకంటే దానికి టైమ్ ఇవ్వక్కర్లేదు.

అసలు విషయానికి వస్తాను. సాతాను ఆకాశంలో ఏం చేస్తున్నాడు, పడటానికి? ఈ ప్రశ్న వేసుకుంటే వచనం సగం విప్పుకుంటుంది. యోబులో వాడి పని ఏమిటి? యోబు ఊరికే భక్తి చేస్తున్నాడా, నువ్వు కంచె వేసి కాపాడుతున్నావు కాబట్టి చేస్తున్నాడు, అది తీసెయ్యి చూద్దాం అనడం. అంటే ప్రాసిక్యూటర్ పని. జెకర్యా 3 ఇంకా స్పష్టం. యెహోషువ మురికిబట్టలతో దూత ఎదుట నిలబడి ఉంటాడు. చెరనుంచి తిరిగొచ్చిన జనం తరఫున నిలబడిన యాజకుడు, ఒంటిమీద మురికి, పక్కన ఫిర్యాదుదారుడు. గమనించండి, ఆ ఫిర్యాదు అబద్ధమని అక్కడ ఎవరూ అనరు. మురికి నిజంగానే ఉంది. కానీ దేవుడు యెహోషువను కాదు, సాతానును గద్దిస్తాడు. నిప్పులోంచి లాగిన కట్టె కదా ఇతను అంటాడు. ఆ బట్టలు తీసేసి మంచి వస్త్రాలు తొడిగిస్తాడు. మొత్తం దృశ్యంలో యెహోషువ ఒక్క మాట కూడా మాట్లాడడు, తన తరఫున వాదించుకోడు. నాకు పాత నిబంధనలో బాగా ఇష్టమైన దృశ్యాల్లో ఇదొకటి, సాతాను అనగానే కొమ్ములూ తోకా గుర్తొచ్చేవాళ్లకు ముందు ఇది చదవమని చెబుతుంటాను.

దీని పక్కన ప్రకటన 12:10 పెట్టండి. ఘటసర్పం పడగానే పరలోకంలో ఒక గొప్ప స్వరం వినిపిస్తుంది. రాత్రింబగళ్లు మన దేవుని ఎదుట మన సహోదరుల మీద నేరం మోపేవాడు పడద్రోయబడ్డాడు అని. పడినవాడి పరిచయం ఎలా ఇచ్చారో చూశారా? లోకాన్ని మోసపుచ్చేవాడు అని అంతకుముందు ఒకసారి అన్నా, పాట దగ్గరికి వచ్చేసరికి నేరం మోపేవాడు అనే పాడారు. పరలోకంలో వాడికున్న కుర్చీ అదే, పోయింది ఆ కుర్చీయే.

ఇప్పుడు మళ్లీ లూకాకు వచ్చి 20వ వచనం చదవండి. దయ్యాలు లోబడుతున్నాయని సంతోషపడకండి, మీ పేర్లు పరలోకంలో రాసి ఉన్నాయని సంతోషపడండి. సాతాను పడింది ఏ చోటునుంచి? పేర్లు రాసి ఉన్నది ఏ చోట? ఒకే చోట. ఆ జాబితా సంగతి శిష్యులకు కొత్త కాదు, దేవుడు రాసిన పుస్తకంలోంచి నా పేరు తుడిచెయ్యి అని నిర్గమకాండము 32లో మోషే అడుగుతాడు, దానియేలు 12:1లో గ్రంథంలో పేరు దొరికిన ప్రతివాడూ తప్పించుకుంటాడని ఉంటుంది. ఆ పేర్ల మీద రాత్రింబగళ్లు అభ్యంతరం చెప్పేవాడు ఇప్పుడు ఆ కోర్టులో లేడు. 18వ వచనం, 20వ వచనం ఒకదానికొకటి తాళం, తాళంచెవి. మధ్యలోంచి ఏది తీసేసినా రెండోది ఏదో మతపరమైన ఓదార్పు మాటలా మిగిలిపోతుంది.

దయ్యాల మీద అధికారాన్ని ఆయన ఎందుకు అంత చిన్నది చేసి చెప్పాడో కూడా ఇక్కడే అర్థమవుతుంది. 9:1లో పన్నెండుమందికీ దయ్యాలన్నిటి మీదా అధికారం ఇచ్చాడు, ఆ పన్నెండుమందిలో యూదా ఉన్నాడు. అదే అధ్యాయంలో 40వ వచనానికి వచ్చేసరికి ఒక పిల్లవాడిలోంచి దయ్యాన్ని వెళ్లగొట్టలేక శిష్యులు చేతులెత్తేశారు. మత్తయి 7:22లో నీ పేరుతో దయ్యాలను వెళ్లగొట్టాం కదా అని గొప్పగా వచ్చినవాళ్లకు మీరెవరో నాకు తెలియదు అన్న జవాబు దొరుకుతుంది. శక్తి ఒక రోజు ఉంటుంది, ఇంకో రోజు ఉండదు, తప్పుడు మనిషి చేతిలో కూడా ఉంటుంది. అలాంటి దానిమీద సంతోషాన్ని ఆనించవద్దు అంటున్నాడు, అంతే. దయ్యాలను వెళ్లగొట్టడమే మొత్తం పరిచర్య అన్నట్టు నడిపే సభల్లో 19వ వచనాన్ని గట్టిగా చదివి 20 దగ్గర ఆపేయడం నేను చూశాను. మీకు అలాంటిది ఎదురైతే మిగతా వచనం కూడా చదవమని మర్యాదగా అడగండి.

ఇంకో చిన్న ముచ్చట. 9:54లో సమరయుల ఊరు తమను రానివ్వలేదని యాకోబు, యోహాను కోపంతో ఆకాశంనుంచి అగ్ని దిగి వీళ్లను కాల్చేయమని ఆజ్ఞాపించమంటావా అని అడిగారు, యేసు గద్దించాడు. సరిగ్గా ఆ తర్వాతి అధ్యాయంలోనే ఆకాశంనుంచి పడింది అగ్ని కాదు, మనుషులూ కాదు, సాతాను. లూకా ఇది కావాలనే పక్కపక్కన పెట్టాడని నిరూపించలేను గానీ, పుస్తకాన్ని వరసగా చదివేవాడికి తగలకుండా పోదు. శిష్యులు శత్రువు అనుకున్నది ఎవరిని, యేసు శత్రువు అన్నది ఎవరిని!

పాములూ తేళ్లూ. 19వ వచనం వెనక కీర్తన 91:13 ఉంది, సింహాలనూ నాగుపాములనూ తొక్కుతావు అన్నది. దీంట్లో ఒక తమాషా ఉంది. లూకా 4:10-11లో అపవాది యేసును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి దూకమన్నప్పుడు, దూతలు నీ పాదానికి రాయి తగలకుండా ఎత్తి పట్టుకుంటారు అని ఎత్తిచూపింది ఇదే కీర్తన, 11, 12 వచనాలు. అక్కడితో ఆపేశాడు. తర్వాతి వచనం వాడికి పనికొచ్చేది కాదు మరి, పామును తొక్కడం గురించి ఉంది కదా. వాడు వదిలేసిన ఆ వచనాన్నే యేసు ఇక్కడ తీసి శిష్యుల చేతిలో పెట్టాడు. వెంటనే "శత్రువు బలమంతటిమీదను" అని ఆయనే అన్నాడు కాబట్టి పాములు, తేళ్లు అంటే ఏమిటో ఇక ఊహించక్కర్లేదు, వాడి బలగమే.

దీన్ని అక్షరాలా తీసుకునేవాళ్లూ ఉన్నారు. అమెరికాలో అప్పలేచియన్ కొండప్రాంతపు కొన్ని సంఘాల్లో ఆరాధనలో విషసర్పాలను చేతిలో పట్టుకుంటారు. ముఖ్యంగా మార్కు 16:18 చూపిస్తారు, ఈ వచనాన్నీ తోడు తెచ్చుకుంటారు. 1910 ప్రాంతంలో ఆ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చిన బోధకుడు జార్జ్ హెన్స్లీ 1955లో పాముకాటుతోనే చనిపోయాడు. మార్కు 16లో 9 నుంచి 20 దాకా ఉన్న భాగం అన్నిటికంటే పాతవైన పూర్తి గ్రీకు ప్రతులు రెండింటిలోనూ లేదన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి. "ఏదియు మీ కెంతమాత్రమును హానిచేయదు" అన్న మాటను దెబ్బ తగలదన్న గ్యారంటీగా లూకా కూడా తీసుకోలేదు. 21:16లో మీలో కొందరిని చంపిస్తారు అన్న యేసే, రెండు వచనాల తర్వాత మీ తలవెంట్రుకల్లో ఒకటి కూడా నశించదు అంటాడు. అదే లూకా రాసిన అపొస్తలుల కార్యములలో స్తెఫను రాళ్లదెబ్బలతో, యాకోబు కత్తితో చనిపోతారు. హాని అన్నదాన్ని ఆయన మనం కొలిచేచోట కొలవడం లేదు.

ఇక మీ గట్టి ప్రశ్న, పడిపోయినవాడు తర్వాత ఎలా తిరుగుతున్నాడు? 13:16లో పద్దెనిమిదేళ్లు ఒక స్త్రీని సాతాను బంధించాడంటాడు, 22:3లో యూదాలో ప్రవేశిస్తాడు, కార్యములు 5:3లో అననీయ హృదయాన్ని నింపుతాడు. పడటం అంటే నాశనం కావడం అనుకుంటేనే ఇది వైరుధ్యం. పదవి పోయిన అధికారి ఆర్డర్లు చెల్లకపోయినా, సంగతి తెలియనివాళ్లను పాత లెటర్‌హెడ్‌తో బెదిరిస్తూనే ఉండగలడు. ప్రకటన 12:12 దీన్ని దాచలేదు, పడినవాడు తనకు కొంచెమే సమయం ఉందని తెలిసి మహా కోపంతో భూమి మీదికి దిగాడు, భూమికీ సముద్రానికీ శ్రమ అంటుంది. అంటే పైన ఓడినవాడు కింద ఇంకా రెచ్చిపోతాడని చెప్పే లెక్క. బలవంతుడిని అంతకంటే బలవంతుడు వచ్చి జయించి ఆయుధాలు లాక్కుని సొత్తు పంచిపెట్టే పోలిక లూకా 11:21-22లో వస్తుంది, అక్కడ కూడా ఇల్లు ఒక్క దెబ్బకు ఖాళీ అయినట్టు లేదు, ఒక్కొక్కరే బయటికి వస్తున్నారు. యోహాను 12:31లో సిలువకు ముందు "ఇప్పుడు" ఈ లోకాధికారి బయటికి తోసివేయబడతాడు అంటాడు, అక్కడ ఆ పతనానికి సిలువే కేంద్రం. ఒక్కో రచయిత ఒక్కో చోట వేలు పెట్టి చూపిస్తాడు, లూకా ఈ శిష్యుల ప్రయాణంలో మొదటి మెరుపు చూపించాడు. తేదీ ఒక్కటే తేల్చమని నన్ను అడగకండి, కొత్త నిబంధనే ఒక్క తేదీకి కట్టుబడలేదు.

నా వాదనకు ఎదురొచ్చే వచనం ఒకటుంది, అది నేనే చెప్పాలి. లూకా 22:31లో యేసు పేతురుతో, సాతాను మిమ్మల్ని గోధుమల్లా జల్లించడానికి కోరుకున్నాడు అంటాడు. కోరుకోవడం అంటే అనుమతి అడగడం, అచ్చం యోబులోలాగే. కోర్టునుంచి వెళ్లగొట్టినవాడు మళ్లీ వచ్చి ఎలా అడిగాడు? ఇది నిజంగానే బిగుసైన ప్రశ్న, పతనాన్ని ఒకే ఒక్క క్షణంలో ముగిసిపోయిన సంగతిగా చదివేవాళ్లు దీనికి జవాబు చెప్పలేరు, 10:18లో మొదలైంది ఇంకా నడుస్తోంది అని చదివితేనే నిలుస్తుంది. అయినా ఆ తర్వాతి మాట చూడండి. "నీ నమ్మిక తప్పిపోకుండునట్లు నేను నీకొరకు వేడుకొంటిని." అడిగేవాడు ఒకడున్నా ఇప్పుడు ఎదురు వాదించేవాడు ఇంకొకడు వచ్చాడు. యోబుకు ఆ సౌకర్యం లేదు, నా తరఫున మాట్లాడేవాడు ఎవరైనా ఉంటే బాగుండునని అధ్యాయాల తరబడి మొత్తుకున్నాడు పాపం. పేతురు ఆ రాత్రే యేసు ఎవరో తెలియదని ముమ్మారు బొంకాడు, అంటే ఫిర్యాదులో పస ఉంది, యెహోషువ మురికిబట్టల్లాగే. కేసు మాత్రం నిలబడలేదు.

చివరిగా డెబ్బైయా, డెబ్బై ఇద్దరా అన్నది. పాత ప్రతులే రెండుగా చీలిపోయాయి. వాటికను ప్రతి, అంతకంటే పాతదైన ఒక పపైరస్ ప్రతి డెబ్బై ఇద్దరు అంటాయి, సీనాయి ప్రతి, అలెగ్జాండ్రియా ప్రతి డెబ్బై అంటాయి. మన పాత తెలుగు బైబిలు డెబ్బైని తీసుకుంది. ఆదికాండము 10లో లెక్కించిన జాతులు హీబ్రూలో డెబ్బై, పాత గ్రీకు అనువాదంలో డెబ్బై రెండు కాబట్టి, లూకా మనసులో లోకంలోని జాతులన్నీ ఉన్నాయనీ, నకలు రాసినవాళ్లు తమకు తెలిసిన లెక్కకు సరిచేశారనీ చాలామంది అంటారు. నాకు డెబ్బై ఇద్దరు వైపే మొగ్గు, ఎందుకంటే డెబ్బై లాంటి గుండ్రటి సంఖ్యను పట్టుకుని ఎవరూ డెబ్బై రెండుగా మార్చరు, మార్చితే అటునుంచి ఇటే. ఏది తీసుకున్నా 18వ వచనం అర్థం మాత్రం మారదు.